కేబుల్ తెగితే మన డేటా ఉపగ్రహాల మీదుగా అమెరికా చేరుతుందా? లేజర్ లింకుల దారి గురించి

రాత్రిషిఫ్ట్_అనంతపురం · రాత్రి 10:52

అందరికీ నమస్కారం. నేను అనంతపురంలో ఇంటి నుంచే పని చేస్తాను. మా క్లయింటు సర్వర్లు న్యూజెర్సీలో ఉంటాయి. రాత్రి ఎనిమిదింటికి కూర్చుంటే తెల్లవారుజాము నాలుగింటి దాకా రిమోట్ డెస్క్‌టాప్ మీదే పని. 2025 సెప్టెంబర్ మొదటి వారంలో ఎర్ర సముద్రంలో జెడ్డా దగ్గర కేబుళ్లు తెగాయి కదా, అప్పుడు వారం రోజులు నరకం చూశాను. ఎప్పుడూ 230 మిల్లీసెకన్లు ఉండే పింగ్ (డేటా సర్వర్‌కి పోయి తిరిగి రావడానికి పట్టే సమయం) 380కి పోయింది. ఒక అక్షరం కొడితే అది తెర మీద కనబడేలోపు ఇంకో మూడు కొట్టేసేవాణ్ణి. కాల్‌లో నా మాటా క్లయింటు మాటా ఒకదాని మీద ఒకటి పడేవి. నెట్ ఇచ్చే కంపెనీకి ఫోన్ చేస్తే "సార్, మా వైపు అంతా బాగానే ఉంది" అన్నారు. మూడు రాత్రులు టెన్షన్‌తో నిద్రే లేదు.

ఇప్పుడు నా సందేహం. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహాలు ఒకదానికొకటి లేజర్‌తో డేటా అందించుకుంటాయని చదివాను. మరి నా ప్యాకెట్ (డేటా ముక్క) అనంతపురంలో పైకెక్కి, ఉపగ్రహం నుంచి ఉపగ్రహానికి చేతులు మారుతూ వెళ్లి న్యూజెర్సీలో దిగొచ్చు కదా? కేబుల్ కంటే అది త్వరగా చేరుతుందా? ఆ దారి ఎవరు నిర్ణయిస్తారు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జాయింటింగ్_కిట్ · రాత్రి 11:15

ఇరవై ఏళ్లుగా ఫైబర్ అతికే పనిలో ఉన్నాను తమ్ముడూ. ముందు ఒక్క మాట. ఉపగ్రహాలు కేబుల్‌కి బదులు కావు. అమెరికాలోని వర్జీనియా బీచ్ నుంచి స్పెయిన్‌కు వేసిన మారియా కేబుల్‌లో ఎనిమిది జతల పోగులుంటాయి, మొత్తం సామర్థ్యం సెకనుకు 160 టెరాబిట్లు. ఉపగ్రహాల మధ్య ఒక లేజర్ లింకు మోసేది 100 గిగాబిట్ల లెక్కలో. అంటే ఆ కేబుల్‌లో ఒక్క జత పోగులు మోసే బరువుకే దాదాపు రెండు వందల లేజర్లు కావాలి. దేశం మొత్తం ట్రాఫిక్‌ని పైకి ఎక్కించడం కుదిరే పని కాదు. నీ ఒక్కడి రిమోట్ డెస్క్‌టాప్ సంగతి వేరు, దానికి ఎంతో అక్కర్లేదు.

కక్ష్య_లెక్కలు · రాత్రి 11:48

రాత్రిషిఫ్ట్ గారూ, ముందు వేగం సంగతి చూద్దాం.

గాజు పోగులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కి.మీ. వెళ్తుంది. శూన్యంలో దాదాపు 3 లక్షలు. అంటే ఒకే దూరానికి లేజర్ దారిలో మూడో వంతు సమయం మిగులుతుంది. గ్లోబు మీద హైదరాబాద్ నుంచి న్యూయార్క్‌కి దారం బిగించి పట్టుకుంటే 13,000 కి.మీ. వస్తుంది. ఆ దారం వెంటే ఫైబర్ పరిచి ఉంటే పోను 65, రాను 65, మొత్తం 130 మిల్లీసెకన్లు. కానీ కేబుల్ అలా పోదు. ముంబైలో సముద్రంలోకి దిగి, అరేబియా సముద్రం దాటి, ఎర్ర సముద్రంలో దూరి, ఈజిప్టు మీదుగా మధ్యధరాకి వెళ్లి, ఫ్రాన్సులో మార్సే చేరి, ఆ తర్వాత అట్లాంటిక్ దాటుతుంది. మీ 230 అక్కణ్ణుంచి వచ్చింది.

ఉపగ్రహాలు 550 కి.మీ. ఎత్తులో ఉంటే ఎక్కడానికీ దిగడానికీ కలిపి వెయ్యి నుంచి రెండు వేల కి.మీ. చిల్లర. మధ్యలో వంకర్లు కూడా కలిపి హైదరాబాద్–న్యూయార్క్ దారి 17,000 కి.మీ. అనుకోండి. పోను 57, రాను 57. అంటే మీ 230 సగానికి పడిపోవాలి. ఇది నేను కొత్తగా కనిపెట్టిన లెక్క కాదు. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీకి చెందిన మార్క్ హ్యాండ్లీ 2018లోనే స్పేస్‌ఎక్స్ వాళ్ల స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ ప్రణాళిక మీద ఈ లెక్క వేసి, సుమారు 3,000 కి.మీ. దాటిన దూరాలకు ఏ ఫైబర్ కన్నా ఆకాశం దారే త్వరగా చేరుస్తుందని చూపించారు.

పాత రకం శాటిలైట్ ఇంటర్నెట్‌తో దీన్ని కలపకండి. అవి 35,786 కి.మీ. ఎత్తులో ఉంటాయి. అక్కడికి పోయి రావడానికే ఒక పింగ్‌కి దాదాపు అర సెకను ఖర్చవుతుంది.

ఎంటెక్_రెండో_సెమ్ · రాత్రి 12:20

సార్, చిన్న సందేహం. స్టార్‌లింక్ మొదటి పొర ఉపగ్రహాలు భూమధ్యరేఖకి 53 డిగ్రీల వాలులో తిరుగుతాయి, 53 డిగ్రీల అక్షాంశం దాటి పైకి పోవు. హైదరాబాద్–న్యూయార్క్ దారం మాత్రం ఉత్తరాన 68 డిగ్రీల దాకా వెళ్తోంది, నేను లెక్కేశాను. మరి ఉపగ్రహాలు ఆ దారి పట్టలేవు కదా? చుట్టు తిరిగితే మిగిలిందంతా పోదూ?

కక్ష్య_లెక్కలు · రాత్రి 12:41

మంచి ప్రశ్న అడిగారమ్మా. 68 డిగ్రీలు సరైనదే. కానీ చుట్టు తిరగడానికి ఎంత ఖర్చో కూడా లెక్కేయండి. హైదరాబాద్ నుంచి వాలుగా 53వ అక్షాంశానికి ఎక్కడం భూకేంద్రం దగ్గర 68 డిగ్రీల కోణం, ఆ అంచు వెంట ప్రయాణం 16 డిగ్రీలు, అక్కణ్ణుంచి న్యూయార్క్‌కి దిగడం 35 డిగ్రీల చిల్లర. మొత్తం 119 డిగ్రీల పైన. నేరుగా పోతే 116న్నర. తేడా మూడు డిగ్రీల లోపే, నేల మీద కొలిస్తే 300 కి.మీ. అంటే ఒక్క మిల్లీసెకను. పైగా 53 డిగ్రీల అంచు దగ్గర ఉపగ్రహాలు ఒత్తుగా ఉంటాయి, దారులు దొరకడం ఇంకా తేలిక.

మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు నేనూ నమ్మలేక రెండోసారి చేసి చూసుకున్నాను.

ఎంటెక్_రెండో_సెమ్ · రాత్రి 12:55

థాంక్యూ సార్. నా ప్రాజెక్టు దీని మీదే. మా గైడ్ ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు లింకుల వార్తలు పంచుకుని దారులు లెక్కవేసుకునే పద్ధతి) పెట్టి చూడమన్నారు. ఈటీహెచ్ జ్యూరిక్ వాళ్ల హైపేషియా సిమ్యులేటర్‌లో 1,584 ఉపగ్రహాలు పెట్టాను, 72 కక్ష్యలు, ఒక్కోదాంట్లో 22. లింకు మారిన ప్రతిసారీ ఆ వార్త నెట్‌వర్క్ అంతా చాటితే, అందరి టేబుళ్లు (ఏ ప్యాకెట్ ఎటు పోవాలో చెప్పే పట్టికలు) కుదురుకునేలోపు మళ్లీ ఏదో ఒకటి మారిపోతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నానో అర్థం కావడం లేదు.

కక్ష్య_లెక్కలు · రాత్రి 1:30

మీరు నేల మీది టెర్మినళ్లని (ఇళ్ల మీది డిష్‌లని) కూడా అదే టోపాలజీలో (లింకుల పటంలో) కలిపేసి ఉంటారు. వాటిని విడదీయండి.

పైన ఏం జరుగుతోందో ఒకసారి ఊహించండి. ప్రతి ఉపగ్రహానికీ నాలుగు లేజర్లు అనుకుందాం. రెండు తన కక్ష్యలోనే ముందూ వెనకా ఉన్నవాటితో, రెండు అటూ ఇటూ పక్క కక్ష్యల్లోని వాటితో. ఒకే కక్ష్యలో 22 ఉంటే ముందున్నదానికీ దీనికీ మధ్య 1,980 కి.మీ. దూరం, అది ఎప్పుడూ మారదు. పక్క కక్ష్యల దూరం పెరుగుతూ తగ్గుతూ ఉన్నా జత మారదు. అంటే అన్నీ సెకనుకు ఏడున్నర కి.మీ. చొప్పున పరిగెడుతున్నా, ఆకాశంలో అల్లిన వల మాత్రం అలాగే ఉంటుంది. వల కింద నేల జరిగిపోతుంది, అంతే. మారేదల్లా ఏ ఇల్లు ఏ ఉపగ్రహం కింద ఉందన్నది. ఒక ఉపగ్రహం మన నెత్తి మీద కనబడేది ఎక్కువలో ఎక్కువ నాలుగు నిమిషాల చిల్లర.

నేల మీది రౌటర్ కదలదు, కానీ ఏ పొక్లెయిన్ ఎప్పుడు తవ్వి తీగ తెంపుతుందో ఎవరికీ తెలియదు. అందుకే ఓఎస్‌పీఎఫ్ లాంటివి తెగాక తెలుసుకుని సర్దుకుంటాయి. ఇక్కడ రేపు ఈ వేళకి ఏ ఉపగ్రహం ఎక్కడుంటుందో ఈ రాత్రే తెలుసు. కాబట్టి టేబుళ్లు ముందే లెక్కవేసి, ఫలానా క్షణం నుంచి ఇది వాడు అని పైకి పంపేయొచ్చు. అనుకోకుండా పాడైన లింకుల కోసం మాత్రమే అప్పటికప్పుడు సర్దుకునే పద్ధతి ఉంటే చాలు.

ఇంకో చిక్కుంది, దాన్ని మీ రిపోర్టులో తప్పకుండా రాయండి. 53 డిగ్రీల వాలు వల్ల ఏ ఊరి మీదైనా ఈశాన్యానికి వెళ్లే ఉపగ్రహాలూ ఆగ్నేయానికి వెళ్లే ఉపగ్రహాలూ రెండూ కనబడతాయి. రెండూ పక్కపక్కనే కనిపించినా వాటి మధ్య నేరుగా లేజర్ ఉండదు. వలలో ఒకదాన్నుంచి రెండోదానికి పోవాలంటే చాలా దూరం చుట్టి రావాలి. అందుకని మొదట ఎక్కేటప్పుడే సరైన దిక్కుకి పోయే ఉపగ్రహం ఎక్కాలి. దగ్గరున్నది కదా అని ఎక్కితే న్యూయార్క్ పోవాల్సిన ప్యాకెట్ అడ్డదిడ్డంగా తిరుగుతుంది.

టెక్సస్_పల్లెటూరు · రాత్రి 2:05

మాది పాలకొల్లు, ఇప్పుడు టెక్సస్‌లో ఊరికి దూరంగా ఉంటాం. ఇంటి మీద ఇలాంటి డిష్ ఉంది. ఒక ఆదివారం గంటసేపు సెకనుకు పది పింగులు కొట్టి గ్రాఫ్ గీశాను. అది మెట్లలా వచ్చింది. కాసేపు 28 దగ్గర గీత గీసినట్టు ఉంటుంది, ఉన్నట్టుండి 41కి ఎగురుతుంది, మళ్లీ కాసేపటికి 33. మెట్టు మారే సమయాలు చూస్తే ప్రతి నిమిషంలోనూ 12, 27, 42, 57 సెకన్ల దగ్గరే. గడియారం పెట్టుకుని చూసినట్టు. తర్వాత వెతికితే స్టార్‌లింక్ మీద కొలతలు తీసిన పరిశోధకులూ ఇవే అంకెలు రాశారు. పదిహేను సెకన్లకోసారి ఏ డిష్ ఏ ఉపగ్రహంతో మాట్లాడాలో మొత్తం నెట్‌వర్క్‌కి కలిపి తిరిగి పంచుతారట.

దీనివల్ల టీసీపీకి (ప్యాకెట్లు అన్నీ వరసగా చేరాయో లేదో చూసుకునే పద్ధతి) ఇబ్బంది. దారి ఉన్నట్టుండి పొట్టిదైతే వెనక పంపిన ప్యాకెట్ ముందు పంపినదాన్ని దాటి చేరుతుంది. టీసీపీ ముందుది పోయిందనుకుని మళ్లీ పంపుతుంది. మెట్టు దగ్గర రెండు మూడు ప్యాకెట్లు నిజంగానే పోతే, దారి కిక్కిరిసిందనుకుని వేగం తగ్గించేస్తుంది. నా లైనక్స్ మెషీన్‌లో టీసీపీ వేగం నిర్ణయించే క్యూబిక్ అనే పద్ధతి తీసి, బీబీఆర్ అనే ఇంకో పద్ధతి పెట్టాక పెద్ద ఫైళ్లు పంపడం బాగా మెరుగైంది. రాత్రిషిఫ్ట్ అన్నా, రిమోట్ డెస్క్‌టాప్‌కి సగటు పింగ్ ఒక్కటే చూస్తే చాలదు, ఈ మెట్లనీ చూసుకోవాలి.

సెకండ్_ఆఫీసర్ · తెల్లవారుజాము 4:10

విశాఖ వాణ్ణి, మర్చంట్ నేవీలో ఉన్నాను. ఇప్పుడే వాచ్ దిగాను, హిందూ మహాసముద్రం మధ్యలో ఉన్నాం. ఏ నేలకైనా 1,500 కి.మీ. పైనే. ఈ పోస్టు మీకు చేరుతోందంటేనే లేజర్లు పని చేస్తున్నట్టు. ఇక్కడ మా నెత్తి మీదున్న ఉపగ్రహానికి ఏ గేట్‌వే (ఉపగ్రహాన్ని నేల మీది ఇంటర్నెట్‌కి కలిపే స్టేషన్) కనబడదు, అది పక్కదానికి అందించాల్సిందే.

నేను క్యాడెట్‌గా ఎక్కిన ఓడలో డోమ్ కింద భూస్థిర ఉపగ్రహం (ఆ 35,786 కి.మీ. ఎత్తుది) యాంటెన్నా ఉండేది. ఇంటికి ఫోన్ చేస్తే "అమ్మా" అని ఆగాలి. ఆగకపోతే ఆవిడ "బాబూ తిన్నావా" అన్నది నా రెండో మాట మీద పడేది. ఇప్పుడు మంకీ ఐలాండ్ (ఓడలో అన్నిటికన్నా పై డెక్) మీద రెండు పలక యాంటెన్నాలు పెట్టారు. మొన్న మా పాప పుట్టినరోజుకి వీడియోలో కొవ్వొత్తులు ఊదడం చూశాను, అది ఊదిన క్షణానే ఆరాయి.

ఇక ఇరిడియం అనే ఉపగ్రహ ఫోన్ల నెట్‌వర్క్ సంగతి ఎవరూ చెప్పలేదు. వాణిజ్య సేవల్లో, ఆకాశంలో ఉపగ్రహం నుంచి ఉపగ్రహానికి దారి పెట్టడం 1998 నవంబర్‌లో దాంతోనే మొదలైంది. 780 కి.మీ. ఎత్తున 66 ఉపగ్రహాలు, ధ్రువాల మీదుగా ఆరు కక్ష్యలు, ఒక్కోదాంట్లో పదకొండు. లేజర్లు కావు, రేడియో లింకులు. మొదట 77 ఉపగ్రహాలనుకున్నారు, ఇరిడియం మూలకం పరమాణు సంఖ్య 77 కదా, ఆ పేరు అలా వచ్చింది. సేవ మొదలైన ఏడాదిలోపే కంపెనీ దివాలా తీసింది కానీ నెట్‌వర్క్ బతికింది. 2018లో అంతర్జాతీయ సముద్ర సంస్థ ఓడల ఆపద సమాచారానికి దాన్ని గుర్తించింది. మాలాంటి వాళ్లకి అది అక్షరాలా ప్రాణాధారం.

కక్ష్య_లెక్కలు · ఉదయం 7:30

సెకండ్ ఆఫీసర్ గారూ, పాపకి ఆశీస్సులు. ఇరిడియంలో రౌటింగ్ పాఠం ఒకటుంది, కలుపుతాను. ఆరు కక్ష్యల్లో మొదటిదీ ఆరోదీ పక్కపక్కనే ఉన్నా ఒకటి ఉత్తరానికి, ఒకటి దక్షిణానికి పోతుంటాయి. ఎదురెదురుగా సెకనుకు 15 కి.మీ. దాకా సాపేక్ష వేగం. అక్కడ లింకు పట్టడం కష్టమని అసలు పెట్టలేదు. ఆ అతుకుకి అటూ ఇటూ ఉన్న ఇద్దరి మధ్య డేటా చుట్టు తిరిగి పోవాలి.

ఒక్కటి అడుగుతాను. మీ ఓడలో మీ ఐపీ అడ్రస్ ఏ ఊరిదని చూపిస్తోంది?

సెకండ్_ఆఫీసర్ · ఉదయం 8:02

ఇప్పుడే చూశాను. సింగపూర్.

కక్ష్య_లెక్కలు · ఉదయం 8:25

నేను చెప్పాలనుకున్నది అదే. మీరు విశాఖకి వీడియో కాల్ చేస్తే డేటా ఓడ నుంచి పైకెక్కి, లేజర్ల మీద సింగపూర్ వైపు వెళ్లి అక్కడ దిగుతుంది. ఆ తర్వాత మళ్లీ సముద్రం కింది కేబుల్ పట్టుకుని చెన్నై, అక్కణ్ణుంచి విశాఖ. నిట్టనిలువుగా విశాఖలో దిగదు. ఉపగ్రహ నెట్‌వర్క్ మిమ్మల్ని మామూలు ఇంటర్నెట్‌లో ఎక్కడ కలుపుతుందో అక్కడిదాకే ఆకాశం దారి. పైన అతి పొట్టి దారి వెతకడం కంప్యూటర్‌కి చిటికెలో పని. ఎక్కడ దిగాలన్నదే అసలు నిర్ణయం. గేట్‌వే మీద వాన పడుతోందా, గేట్‌వే వాడే కేఏ బ్యాండ్ రేడియో సిగ్నల్‌ని వాన తినేస్తోందా, అక్కడ ఫైబర్ ఎంత ఉంది, ఆ దేశం ఒప్పుకుందా, ఇవన్నీ చూడాలి.

సూళ్లూరుపేట_మేడ · ఉదయం 9:10

నేను టెక్నికల్ మనిషిని కాను. ఊరు పేరు చూశారుగా, శ్రీహరికోట షార్ పక్కనే. 2022 అక్టోబర్ 23, దీపావళి ముందు రోజు. అర్ధరాత్రి 12:07కి ఎల్‌వీఎం3 రాకెట్ లేస్తుందని పిల్లల్ని నిద్ర లేపి మేడ ఎక్కాం. తూర్పున ఆకాశం నారింజ రంగులో తెల్లారినట్టు అయింది. శబ్దం మాత్రం దాదాపు నిమిషం తర్వాత వచ్చి కిటికీ ఊచల్ని వణికించింది. వన్‌వెబ్ అనే కంపెనీ ఇంటర్నెట్ ఉపగ్రహాలు 36 వెళ్లాయి. 2023 మార్చి 26న పొద్దున్న తొమ్మిదింటికి ఇంకో 36. మా ఊరి మీదుగా పోయినవి కదా, అడగాలనిపించింది. వాటి మధ్య కూడా ఈ లేజర్లు ఉన్నాయా అండీ?

జాయింటింగ్_కిట్ · ఉదయం 9:40

లేవమ్మా. వన్‌వెబ్ మొదటి తరం ఉపగ్రహాలు 1,200 కి.మీ. ఎత్తున ఉంటాయి, కింద నుంచి వచ్చింది కిందికే పంపుతాయి. అందుకే వాటికి నేల మీద గేట్‌వేలు ఎక్కువ కావాలి. మన దేశంలో ఒకటి గుజరాత్‌లోని మెహసానాలో, ఇంకోటి తమిళనాడులో. ఆ గేట్‌వేకి వచ్చేది మళ్లీ మేం వేసిన ఫైబరే!

రాత్రిషిఫ్ట్_అనంతపురం · ఉదయం 10:30

ఇప్పుడే లేచి అంతా చదివాను. అయితే లేజర్లున్న సర్వీసు ఇక్కడ మొదలయ్యాక నేను తీసుకుంటే? స్టార్‌లింక్‌కి 2025 జూన్‌లో టెలికాం శాఖ లైసెన్సు, జూలైలో ఇన్‌స్పేస్ (ప్రైవేటు అంతరిక్ష కంపెనీలకి అనుమతులిచ్చే సంస్థ) అనుమతి వచ్చాయి కదా.

కక్ష్య_లెక్కలు · ఉదయం 11:05

మీకు నచ్చే జవాబు కాదు, అయినా చెప్పాలి. మన లైసెన్సు షరతుల ప్రకారం ఇక్కడి వాడకందారుల ట్రాఫిక్ ఇండియాలోని గేట్‌వేల గుండానే పోవాలి. అంటే మీ ప్యాకెట్ అనంతపురంలో ఎక్కి, దేశంలోనే ఎక్కడో దిగి, ముంబై నుంచో చెన్నై నుంచో కేబుల్ ఎక్కుతుంది. ఎర్ర సముద్రంలో కేబుల్ తెగిన రాత్రి మీ మేడ మీద డిష్ ఉన్నా, ఆ తెగిన దారి ముందే మీరూ నిలబడతారు. నేను వేసిన 57 మిల్లీసెకన్ల లెక్క భౌతికశాస్త్రం ప్రకారం నిజమే, కానీ మన దేశంలోని వాడకందారుకి ఆ దారి తెరిచి లేదు.

టెక్సస్_పల్లెటూరు · ఉదయం 11:30

ఇది నాకు బాధగా ఉంది. 2022 జనవరి 15న టోంగాలో అగ్నిపర్వతం పేలి, ఫిజీకి పోయే 827 కి.మీ. కేబుల్ తెగితే ఆ దేశం ఐదు వారాలు దాదాపు ప్రపంచంతో తెగిపోయింది. ఫిజీలో గేట్‌వే పెట్టి ఉపగ్రహాలతో ఆదుకున్నారు. అలాంటి ఆపదలోనైనా బయటి దేశంలో దిగడానికి ఒప్పుకునే ఏర్పాటు ముందే రాసి పెట్టుకోవచ్చు కదా? ఆపద వచ్చాక కాగితాలు కదిలించేసరికి వారాలు గడుస్తాయి.

జాయింటింగ్_కిట్ · మధ్యాహ్నం 12:15

తమ్ముడూ, టోంగాకి బయటికి ఉన్నది ఒక్క కేబుల్. మనకి ముంబై వైపూ చెన్నై వైపూ బోలెడున్నాయి. ఒకటి తెగితే నెమ్మదిస్తుంది కానీ ఆగదు. డేటా ఏ దేశంలో దిగితే ఆ దేశం చట్టం దాని మీద పని చేస్తుంది. నిఘా భయం ప్రభుత్వానికే కాదు, నాకూ ఉంది. నా పిల్లల ఫోన్ల డేటా ఎక్కడ దిగుతోందో తెలియని ఏర్పాటు నాకు వద్దు. ఈ విషయంలో నేను ప్రభుత్వం వైపే.

ఎంటెక్_రెండో_సెమ్ · మధ్యాహ్నం 1:05

ఇంకో ప్రమాదం కూడా ఉంది కదా సార్. 2025 జూలై 24న స్టార్‌లింక్ రెండున్నర గంటలు ప్రపంచమంతా ఆగింది. ఉపగ్రహాలు బాగానే ఉన్నాయి, కోర్ నెట్‌వర్క్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ సేవలు ఆగిపోయాయని కంపెనీయే చెప్పింది. అన్నీ ఒకే చోట నుంచి నడిస్తే ఇలా అవుతుంది. అందుకే నా ప్రాజెక్టులో టేబుళ్లు ముందే పంపినా, కింద నుంచి కబురు ఆగిపోతే ప్రతి ఉపగ్రహం పక్కవాటితో మాట్లాడుకుని కొంతసేపు సొంతంగా దారి నడిపేలా పెట్టాలనుకుంటున్నాను. సార్ చెప్పినట్టు నేల టెర్మినళ్లని విడదీసి పొద్దున్నే మళ్లీ రన్ చేశాను. అప్‌డేట్ల వరద ఆగింది. రాత్రంతా పడిన కష్టం ఇందుకే అన్నమాట!

కక్ష్య_లెక్కలు · మధ్యాహ్నం 1:40

శభాష్. ఆ సొంతంగా నడిపే వ్యవధి ఎంతో లెక్క కట్టండి. వల స్థిరంగానే ఉంటుంది కాబట్టి ఉపగ్రహాల మధ్య దారులు గంటలకొద్దీ నడుస్తాయి. ఇళ్లని ఉపగ్రహాలకి పంచే పని మాత్రం పదిహేను సెకన్లకోసారి జరగాల్సిందే, తెగేది అక్కడే. మీ అసలు ప్రశ్న అది.

రాత్రిషిఫ్ట్_అనంతపురం · రాత్రి 9:20

అందరికీ చాలా థాంక్స్. మధ్యాహ్నం ట్రేస్‌రూట్ (డేటా ఏ దారిన పోతోందో చూపే కమాండు) కొట్టి చూశాను. నాకున్న లైను ముంబై, మార్సే మీదుగానే పోతోంది. మా వీధిలో ఇంకో చిన్న ప్రొవైడర్ ఉన్నాడు, వాళ్ల కుర్రాణ్ణి అడిగి వాళ్ల లైన్ నుంచి కూడా కొట్టించాను. అది చెన్నై, సింగపూర్, పసిఫిక్ మీదుగా అమెరికా పడమటి తీరం చేరి అక్కణ్ణుంచి న్యూజెర్సీ. పింగ్ 290 చూపించింది. రోజూ వాడటానికి నెమ్మదే, కానీ ఎర్ర సముద్రంతో దానికి సంబంధం లేదు. నెలకి 499కి రెండో లైన్ తీసుకున్నాను, రేపు పొద్దున్నే కనెక్షన్ ఇస్తామన్నారు. జాయింటింగ్ అన్నా, రెండు లైన్లూ ఒకే స్తంభం మీద నుంచి వస్తున్నాయి, పరవాలేదా?

జాయింటింగ్_కిట్ · రాత్రి 9:34

పరవాలేదనకు. స్తంభానికి లారీ తగిలితే రెండూ పోతాయి. రెండోది వెనక సందులోంచి లాగమని చెప్పు, ఇరవై మీటర్ల వైరు ఎక్కువవుతుంది, అంతే.